ఉమ్మడి గోడా, ఎవరి గోడ వారిదా? కొత్త ఇళ్ల మధ్య ప్రహరీ తగువుపై ఒక సమీక్ష

హుస్నాబాద్‌లో ఇల్లు మొదలుపెట్టినవాళ్లకు ఇసుక, కూలీలు, బోరు నీళ్లు వంటి బాధలు ఎటూ తప్పవు. స్లాబు పడి గిలాబు పని నడుస్తుండగా ఇంకొక తగువు ముందుకొస్తుంది. పక్క ప్లాటుకూ మనకూ నడుమ ప్రహరీ ఎవరు కట్టాలి? ఎవరి జాగాలో కట్టాలి? డబ్బు ఎవరు పెట్టాలి? 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజనతో హుస్నాబాద్ కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఊరు మున్సిపాలిటీ అయింది, సిద్దిపేట-ఎల్కతుర్తి జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. ఊరి చుట్టూ గుంటల లెక్కన ఉన్న భూమి గజాల లెక్కకు మారుతున్నకొద్దీ పాత గెట్టు పంచాయితీలు గోడ పంచాయితీలవుతున్నాయి. రాష్ట్రంలో ఇలా పెరిగిన పట్టణాలన్నిటా కథ ఇదే.

ఈ తగువు మీద ఇప్పటిదాకా జరిగిన వాదనలో పెద్ద చిక్కు ఒకటుంది. మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపి ఒకటే ప్రశ్నగా మాట్లాడుతున్నారు. హద్దు ఎక్కడ అన్నది కొలతకు సంబంధించినది. గోడ ఎవరి నేల మీద నిలబడాలన్నది ఒప్పందానికి సంబంధించినది. ఖర్చు ఎవరిదన్నది ఆ రెండూ తేలాక రావాల్సినది. మన దగ్గర మాత్రం మాట డబ్బుతోనే మొదలవుతుంది. కొలత దాకా వచ్చేసరికి ఇరుపక్కలా ముఖాలు మాడి ఉంటాయి.

గెట్టు నుంచి గోడ దాకా

హద్దు తగాదా మనకు కొత్తది కాదు. ధర్మశాస్త్రాలు సీమా వివాదాన్ని ప్రత్యేక వ్యవహారంగా లెక్కించాయి. హద్దు వెంట మర్రి, రావి, బూరుగు వంటి చెట్లు నాటమనీ, కనబడని గుర్తులుగా పొట్టు, బూడిద, బొగ్గులు, ఇటుక ముక్కలు, గులకరాళ్లు పాతిపెట్టమనీ మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెప్పింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ విషయం మీద తెలుగులో రాతపూర్వకమైన న్యాయ చర్చకు ఏడు వందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. అందులోని శ్రద్ధంతా గుర్తును ఎలా నిలబెట్టాలి, సాక్షిగా ఎవరిని పిలవాలి అన్నవాటి చుట్టూ తిరుగుతుంది.

నిజాం కాలపు సర్వేలో సాగు భూమికి టిప్పన్, సేత్వార్ అనే సర్వే రికార్డులు ఏర్పడ్డాయి. ఊరి నడుమ ఇళ్లున్న ఆబాదీని మాత్రం ఒక ముద్దగా వదిలేశారు. ఏ ఇంటి జాగా ఎన్ని గజాలో చెప్పే పటం అక్కడ లేదు. ఇంటి నంబరు, వాడుక, పెద్దమనుషుల మాట, ఇవే ఆధారాలు. ఆ ఇళ్లు మట్టి గోడలవి, గూన పెంకులవి. గోడలు అడుగున్నర, రెండడుగుల మందం. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు నడిమి గోడ ఇద్దరి దూలాలనూ మోసేది కాబట్టి దాన్ని ఉమ్మడిగా ఉంచక తప్పేది కాదు. చూరు నీళ్లు ఎవరి జాగాలో పడాలి, మోరి ఎటు పారాలి అన్నవే అప్పటి గొడవలు.

సిమెంటు పిల్లర్ల ఇళ్లు వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ఇంటి బరువు పిల్లర్ల మీదికి పోయింది, నడిమి గోడ అవసరం తీరిపోయింది. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ వదలమని పురపాలక నియమాలు వచ్చాయి. ఇళ్లు దూరం జరిగాయి, ఉమ్మడిగా మిగిలింది ప్రహరీ ఒక్కటే. అది ఏ ఇంటి కప్పునూ మోయదు. అది లేకపోయినా ఇల్లు నిలబడుతుంది. అందుకే ‘నాకు అక్కర్లేదు, నీకు కావాలంటే కట్టుకో’ అనే మాట సాధ్యమైంది. పాత ఉమ్మడి గోడ విషయంలో ఎవరూ ఆ మాట అనగలిగేవాళ్లు కాదు. నేటి తగువుకు మూలం మనుషుల మధ్య తగ్గిన మర్యాద అని చాలామంది అంటారు కానీ, కట్టుబడి మారడమే అంతకన్నా పెద్ద కారణం.

చట్టం ఎక్కడ మాట్లాడుతుంది, ఎక్కడ ఊరుకుంటుంది

తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ పొరుగువాళ్లు ప్రహరీ ఖర్చును ఇలా పంచుకోవాలని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. ఉన్నవి చుట్టుపక్కల నుంచి తాకే చట్టాలు.

భవన నిర్మాణ నియమాలు (2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవో) చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెబుతాయి. నడిమి గోడ డబ్బు ఎవరిదో వాటికి పట్టదు. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చిన్న ఇళ్లకు అనుమతులను సులువు చేసింది. 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టే ఇంటికి అనుమతితో పనిలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. ఇది మేలైన మార్పే. అయితే కాగితం మీద హద్దు ఎక్కడ ఉందో యజమానే చెబుతాడు, పక్కవాడికి సంగతి తెలిసేది పునాది తవ్వే రోజునే.

రెవెన్యూ సర్వేయర్ సర్వే నంబరుకో, దాని ఉపవిభాగానికో హద్దు చూపిస్తాడు. అనుమతి లేని వెంచర్‌లో 37వ ప్లాటుకూ 38వ ప్లాటుకూ మధ్య గీత ఆయన పటంలో ఉండదు. అది వెంచర్ చేసినవాళ్ల లేఅవుట్ కాగితంలో ఉంటుంది, వాళ్లు పాతిన రాళ్లు ట్రాక్టర్ తిరిగిన నాలుగు రోజులకే పక్కకు జరుగుతాయి. 2020 ఆగస్టు నాటి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి వచ్చిందే కానీ ఒక్కో ప్లాటు దగ్గరికి గొలుసు పట్టుకొని పోవడానికి కాదు.

కోర్టులు ఏమన్నాయి? ఉమ్మడి గోడ అంటే ఏమిటన్న దానికి 1880 నాటి ఒక ఇంగ్లిష్ తీర్పులోని విభజననే మన కోర్టులూ వాడుతూ వచ్చాయి. గోడ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి కావచ్చు, నిలువునా చెరిసగం కావచ్చు, ఒకరిదై మరొకరికి కొన్ని హక్కులు ఉండవచ్చు. వేరే ఆధారం లేకపోతే ఉమ్మడి ఆస్తి అనే భావించడం మామూలు. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో, ఉమ్మడి గోడను ఒకరు రెండోవారి ఒప్పుదల లేకుండా పైకి లేపితే, అవతలివారికి నష్టం కనిపించకపోయినా తొలగించమనే హక్కు వారికి ఉంటుందన్నది. ‘సగం డబ్బు ఇచ్చాను కదా, మీద పిట్టగోడ లేపుకుంటా’ అనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కోర్టు ఎంత దూరమో తెలియాలంటే హుస్నాబాద్‌కు దగ్గరి వరంగల్ కేసు చూడాలి. మట్టెవాడలో 110, 187 గజాల రెండు ఇంటి జాగాలు 1968లో కొన్నవి. కట్టుబడికి పునాది తవ్వుతుండగా మొదలైన అడ్డంకి దావాగా మారి, 2008లో సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. హక్కు మీదే సందేహం ఉన్నప్పుడు ఇంజంక్షన్ ఒక్కటి అడిగితే చాలదు, హక్కు ప్రకటన కూడా కోరాలి అని ఆ తీర్పు చెప్పింది. దేశమంతా ఇవాళ హద్దు దావాల్లో ఉటంకించే తీర్పు అదే. గోడ గొడవతో వెంటనే ‘స్టే తెస్తా’ అనడానికి ముందు దాన్ని వకీలు చేత చదివించుకోవడం మంచిది. దావా నడిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూల్ కింద కమిషనర్ వచ్చి సర్వేయర్ సాయంతో కొలుస్తాడు. అంటే పునాదికి ముందు కొన్ని గంటల్లో అయ్యే పని, దావా వేశాక మెమోలూ అభ్యంతరాలూ దాటి అవుతుంది.

గజాల లెక్క

వాదాల్లోకి పోయేముందు గోడ ఎంత జాగా మింగుతుందో చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ప్లాటు అంటే 150 గజాలు. 45 అడుగుల పక్కన తొమ్మిదించుల గోడ పూర్తిగా మన జాగాలో కడితే 33.75 చదరపు అడుగులు, అంటే 3.75 గజాలు పోతాయి. గీత నడుమ కడితే ఒక్కొక్కరికీ 1.87 గజాలు. ఇద్దరూ ఎవరి గోడ వారు కడితే మొత్తం ఏడున్నర గజాలు, రెట్టింపు ఇటుక, రెట్టింపు కూలి. అక్కడితో అయిపోదు. రెండు గోడల నడుమ చేయి కూడా పట్టని సందు మిగిలితే అందులో వాన నీళ్లు, చెత్త, పాములు చేరతాయి. ఆ వైపు గిలాబు చేయడం సుతారి మేస్త్రి తరం కాదు.

పైకి కనిపించే గోడ తొమ్మిదించులే అయినా కింద పునాది గాడి రెండడుగులు ఉంటుందనుకుందాం. గోడను పునాది నడుమ నిలిపితే రెండు పక్కలా ఏడున్నర ఇంచులు బయటికి వస్తుంది. హద్దును ఆనుకుని కట్టి, ‘నా జాగాలోనే కట్టుకున్నా’ అనేవాళ్ల పునాది చాలాసార్లు అవతలివారి మట్టి కింద ఉంటుంది. పక్కవాడు తన సెప్టిక్ ట్యాంకుకో, పిల్లర్‌కో తవ్వినప్పుడు అది బయటపడుతుంది. పునాదిని ఒకే పక్కకు ఇచ్చి గోడను అంచు మీద లేపవచ్చు, కానీ బరువు ఒక పక్కకు వాలకుండా ఇంజినీర్ లెక్క కావాలి, ఖర్చు పెరుగుతుంది.

నాలుగు వాదాలు

మొదటిది నడుమ గీత వాదం. హద్దు మీద గోడ, చెరిసగం నేల, చెరిసగం డబ్బు. చిన్న ప్లాట్లకు దీనికి మించిన పొదుపు లేదు. ఇద్దరూ ఒకే కాలంలో కడుతున్నప్పుడు ఇదే అందరి సలహా. దీని బలహీనత తర్వాత బయటపడుతుంది. ఒకరు గ్రిల్ పెట్టాలన్నా, దీపం బిగించాలన్నా, గోడకు ఆనించి షెడ్డు వేయాలన్నా రెండోవారిని అడగాలి. ఆ ఇల్లు అమ్ముడుపోతే కొత్తగా వచ్చినవారికి పాత మాట తెలియదు.

రెండోది ఎవరి జాగా వారిది అనే వాదం. గోడ అంతా నా నేలలో, డబ్బంతా నాది, ఎత్తూ రంగూ నా ఇష్టం. 300 గజాలు దాటిన ప్లాట్లవారికి ఇది సుఖం. 100 గజాలవారికి ఇది నాలుగు గజాల నష్టం, పైగా అవతలివారు మన గోడ వెనుక భాగాన్ని తమ ప్రహరీగా వాడుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలి. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. హద్దుకు ఆరించులు వెనక్కి జరిగి గోడ కట్టి, బయట వదిలిన పట్టీని పట్టించుకోకపోతే, పన్నెండేళ్లు దాటాక అవతలివారు దాని మీద స్వాధీన హక్కు వాదన తెచ్చే వీలు 1963 లిమిటేషన్ చట్టం ఇస్తుంది. ఆ వాదన నెగ్గడం తేలిక కాదు, కానీ తలనొప్పి ఖాయం.

మూడోది ముందు కట్టినవారి బాకీ అనే వాదం. తగువులన్నిటిలో ఎక్కువ చేదు ఇక్కడే. పక్క ప్లాటు ఖాళీగా ఉంది, యజమాని హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉన్నాడు. ముందు కట్టినవారు మొత్తం పెట్టుకున్నారు. నాలుగేళ్లకు అవతలివారు ఇల్లు మొదలుపెట్టి, ఉన్న గోడకే తమ గేటు పిల్లర్ ఆనించారు. ‘సగం ఇవ్వండి’ అంటే ‘నేను కట్టమన్నానా’ అంటారు. న్యాయంగా చూస్తే మొదటివారి పక్షం బలమైనది. చట్టంగా చూస్తే అంత కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మరొకరు లాభం పొందితే పరిహారం ఇవ్వాలి. అయితే ఆ లాభాన్ని వద్దనే అవకాశం ఆ మనిషికి ఉండాలని సుప్రీంకోర్టు బీకే మండల్ కేసులో స్పష్టం చేసింది. కట్టేసి ఉన్న గోడను వద్దనడం ఎలా? ఈ వాదం కోర్టులో నిలబడాలంటే ముందే ఇచ్చిన నోటీసు ఒకటి ఉండాలి. కట్టేముందు రిజిస్టర్ పోస్టులో ఒక ఉత్తరం పంపినవారికీ పంపనివారికీ ఇక్కడ చాలా తేడా.

నాలుగోది వాస్తు వాదం. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసి పక్కన పెడితే హుస్నాబాద్‌లో సగం తగువులు అర్థం కావు. గౌరు తిరుపతి రెడ్డి వంటి రచయితల పుస్తకాలు తెలుగు ఇళ్లలో వాస్తును ఇంటింటి మాట చేశాయి. ఆ లెక్కలో దక్షిణ, పడమర గోడలు ఎత్తుగా బరువుగా ఉండాలి, ఉత్తర, తూర్పు గోడలు తగ్గి ఉండాలి. మన దక్షిణపు గోడ పక్కింటికి ఉత్తరపు గోడ. ఒకే గోడ మనకు ఎత్తుగా, వారికి తక్కువగా ఉండడం కుదరదు. అందుకే చాలామంది వాస్తు సిద్ధాంతులు ఉమ్మడి ప్రహరీ అసలే వద్దంటారు. వాళ్ల తర్కంలో అది సబబే, అయితే దాని ధర పైన చెప్పిన ఏడున్నర గజాలు. నమ్మకం ఒకరిదైతే ఆ అదనపు ఖర్చు కూడా వారిదే కావాలన్నది నా మాట. నమ్మనివారి చేత సగం పెట్టించడం అన్యాయం.

ఇక గోడ రకం ఎంపిక విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. కడీలు పాతి ముళ్లతీగ లాగితే జాగా కాపాడుకోవచ్చు, కాపురానికి చాలదు. ప్రీకాస్ట్ పలకల గోడ పలుచన, త్వరగా లేస్తుంది, కొలత తప్పితే విప్పి జరపవచ్చు. హద్దు మీద అనుమానం ఉన్నచోట, లేదా పక్కవారు ఇంకా కట్టనిచోట ఇది తెలివైన దారి. ఇటుక గోడ ఆ రెండూ తేలాక కట్టాల్సినది.

మెరక, పల్లం

ఈ చర్చలో అందరూ దాటేసే అంశం మట్టి. సీసీ రోడ్డు పడ్డ ప్రతిసారీ వీధి మట్టం లేస్తుంది. కొత్తగా కట్టేవారు రోడ్డుకన్నా రెండు మూడడుగులు పైకి బేస్‌మెంట్ లేపి ఆవరణంతా మొరం నింపుతారు. పక్కవారి పాత ప్రహరీ మీద ఒక్కసారిగా మూడడుగుల మట్టి బరువు పడుతుంది. ప్రహరీని మట్టిని ఆపడానికి కట్టరు. వానకు మొరం నానితే ఆ గోడ పల్లంలో ఉన్నవారి మీదికే కూలుతుంది. 2024 మే నెలలో హైదరాబాద్ బాచుపల్లిలో రిటైనింగ్ గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అది పెద్ద అపార్ట్‌మెంట్ పని, మన ప్రహరీ అంతటిది కాదు, కానీ తడిసిన మట్టి తోసే తీరు రెండు చోట్లా ఒకటే.

ఇక్కడ సగం సగం సూత్రం తప్పు. నేల సహజ స్థితిలో ఉన్నప్పుడు పక్క నేల ఆసరా పొందే హక్కును ఈజ్‌మెంట్స్ చట్టం (1882) గుర్తించింది, మనం నింపుకున్న మొరానికి ఆసరా ఇవ్వమని పక్కవారిని అడిగే హక్కు అందులో లేదు. మట్టి నింపినవారే ఆపే గోడ కట్టుకోవాలి, అదీ తమ జాగాలోనే. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇందిరమ్మ ఇళ్ల సాయం బేస్‌మెంట్, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తవడం అనే దశలను చూసి వస్తుంది, ప్రహరీకి అందులో దశ లేదు. పేద ఇంటి పక్కన మెరక చేసేవారు ఈ సంగతి మరవకూడదు.

బయటి ఊళ్లలో

మెల్‌బోర్న్‌లోనో కాలిఫోర్నియాలోనో ఇల్లు కొన్న మనవాళ్లు మొదట ఆశ్చర్యపోయేది అక్కడ ఈ విషయానికి చట్టం ఉందనే. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం నడిమి కంచె ఇద్దరికీ సమానంగా ఉపయోగమని భావిస్తుంది, పని మొదలుపెట్టే 30 రోజుల ముందు నోటీసు ఇమ్మంటుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ చట్టాల్లో మెచ్చదగ్గది ‘సరిపడే కంచె’ అన్న కొలబద్ద. అక్కడికి సగం సగం, అంతకుమించి సోకు కావాలన్నవారు మిగతాది పెట్టుకోవాలి. టెక్సాస్‌లో అలాంటి బలవంతం లేదు, ఒప్పందమే దిక్కు.

ఇంగ్లాండ్ 1996 చట్టం పునాది చిక్కును నేరుగా పట్టుకుంది. హద్దు మీద కొత్త గోడ కట్టాలంటే నెల ముందు నోటీసు. పక్కవారు ఒప్పుకుంటే గీత నడుమ గోడ, ఒప్పుకోకపోతే సొంత జాగాలో గోడ, అవసరమైన మేరకు మామూలు పునాది పక్క నేల కిందికి పోవచ్చు. ఫ్రాన్స్ సివిల్ కోడ్ 661వ అధికరణం 1804 నుంచే మన మూడో వాదానికి జవాబు చెబుతోంది. పక్కవారు కట్టిన గోడను తర్వాత ఎప్పుడైనా సగం విలువ చెల్లించి ఉమ్మడి చేసుకోవచ్చు. మన పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఈ ఫ్రెంచి పద్ధతి. ఖాళీ ప్లాటు యజమానిని ముందే పీడించదు, ముందు కట్టినవారిని ముంచదు.

ఇంకా తేలనివి

నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం సంతకం పెట్టినవారిని కట్టేస్తుంది, రేపు ఆ ఇల్లు కొన్నవారిని కట్టేస్తుందా అన్నది గట్టి సందేహం. అమ్మకం దస్తావేజు హద్దుల్లో ‘ఉమ్మడి ప్రహరీ’ అని రాయిస్తే కొంత రక్షణ. ఆ మాట రాయించే అలవాటు మన దగ్గర తక్కువ. ఆబాదీ జాగాల సంగతి ఇంకా గందరగోళం. 2025లో వచ్చిన భూభారతి చట్టం, లైసెన్సు సర్వేయర్ల ఏర్పాటు సాగు భూమి పటాలను బాగు చేయవచ్చు, ఇళ్ల మధ్య అంగుళాల దాకా అవి ఎప్పుడు దిగుతాయో చూడాలి. గోడ మీది కెమెరా పక్కవారి వాకిలి చూస్తుంటే ఏం చేయాలన్నది ఇప్పుడిప్పుడే మొదలైన గొడవ.

ఉన్న వాదాల్లో ఏది మేలని అడిగితే, 200 గజాల లోపు ప్లాట్లకు నడుమ గీత గోడ, సరిపడే ఎత్తు వరకు చెరిసగం, ఎత్తూ సోకూ వాస్తూ కోరినవారిదే అదనం, మట్టి నింపినవారిదే ఆపే గోడ. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే ముందుగా నోటీసు, ఖర్చు బిల్లులు దాచుకోవడం. ఇవి అమలు కావడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హుస్నాబాద్ మున్సిపాలిటీ స్వీయ ధ్రువీకరణ దరఖాస్తుతో పాటు ఒక పేజీ హద్దు పత్రం అడిగితే చాలు. అందులో ఇరుపక్కల కొలతలు, హద్దు రాళ్ల ఫొటోలు, గోడ ఎవరి నేలలో ఉందో ఒక వాక్యం, ఇద్దరి సంతకాలు ఉండాలి, సంతకం దొరక్కపోతే నోటీసు పంపిన రసీదు ఉండాలి. ఆ పత్రం నమూనాను వార్డు కార్యాలయాల్లో తెలుగులో ఉంచాలి. అది వచ్చేలోగా ఇల్లు మొదలుపెట్టేవాళ్లు పునాదికి ముగ్గు పోసేముందే పక్కవారిని పిలిచి, టేపు రెండో కొసను వారి చేతికివ్వాలి.